ఎడమచేతి చాకు

మా మామగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిన ఆరో నెలలో, ఒక ఆదివారం పొద్దున, ఆయన బాల్కనీలో కూర్చుని చాకును పళ్లతో పట్టి తెరుస్తూ నా కంటబడ్డారు.

అది ఆయన ముప్ఫై ఏళ్లుగా చొక్కా జేబులో పెట్టుకు తిరిగిన మడత చాకు. ఆయన టెలిఫోన్ల శాఖలో కేబుళ్లు అతికే పని చేసేవారు. వైరు మీద తొడుగు ఒలవడానికీ, కట్టలు విప్పడానికీ, మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక జామకాయ కోసుకోవడానికీ అదే చాకు. అత్తగారు పోయాక తణుకులో ఇల్లు అద్దెకిచ్చి మా దగ్గరికి, ఢిల్లీ పక్కన ఇందిరాపురం వచ్చేశారు. విమానంలో చాకు జేబులో ఉండనివ్వరని తెలిసి, మేం టికెట్ తీస్తామన్నా వినకుండా రైల్లోనే వచ్చారు. వచ్చిన వారానికే సొసైటీ పార్కులో నలుగురు పెద్దవాళ్లను పోగుచేసుకున్నారు. ఆయన హిందీ అంతంతమాత్రం. కానీ జామకాయ ఆరు చెక్కలు కోసి, ఉప్పు చల్లి, బెంచీ మీద పెడితే మాటలు పెద్దగా అక్కర్లేకపోయింది.

పక్షవాతం తర్వాత నడక కొంత వచ్చింది. మాట దాదాపు మామూలైంది. కుడిచెయ్యి మాత్రం రాలేదు.

ఆ ఆదివారం నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. పళ్లతో తెరిచిన చాకును ఎడమచేతిలోకి తీసుకున్నారు. జామకాయను తొడల మధ్య ఇరికించి నొక్కారు. కాయ జారింది. ఆ చాకుకి లాక్ లేదు. మొన తొడ పక్కన కుర్చీకి తగిలి, తెరిచిన చాకు తిరిగి మడతపడి ఆయన వేళ్ల మీద మూసుకుంది.

నేను పరుగెత్తేసరికి ఆయన చేతిని లుంగీలో దాచుకుంటున్నారు.

"ఏం లేదమ్మా, కొంచెం గీసుకుంది."

"చూడనివ్వండి మామయ్యగారూ."

రెండు వేళ్లు తెగాయి. లోతుగా ఏం కాదు. కుళాయి కింద కడిగి, దూది పెట్టి కట్టు కట్టాను. పెళ్లయి పద్నాలుగేళ్లయినా ఆయన చేతిని నా చేతిలోకి తీసుకోవడం అదే మొదటిసారి. మా ఇద్దరి మధ్య కాఫీ, మాత్రలు, కరెంటు, నీళ్లు తప్ప పెద్దగా మాటలుండేవి కావు. కట్టు కడుతున్నంతసేపూ ఆయన బాల్కనీ బయటికే చూశారు.

"అబ్బాయితో చెప్పకు," అన్నారు చివరికి.

చెప్పకపోయినా కట్టు కనిపిస్తుంది కదా. మా ఆయన చూశారు, విన్నారు, ఏమీ అరవలేదు. చాకు తీసుకెళ్లి అల్మారా పైఅరలో, సూట్‌కేసుల వెనక పెట్టేశారు.

"ఏం కావాలన్నా మేం కోసి పెడతాం కదా నాన్నా."

"సరే," అన్నారాయన.

ఆ రోజు నుంచి ఆయన పళ్లు తినడం మానేశారు. గిన్నెలో ముక్కలు కోసి, ఫోర్కు గుచ్చి పెట్టేదాన్ని. సాయంత్రానికి ముక్కలు నల్లబడి అలాగే ఉండేవి. ఏడో తరగతి చదివే మా అమ్మాయి పక్కన కూర్చుని, "తాతా, ఖా లో నా, ప్లీజ్," అని బతిమాలేది. "తర్వాత తింటాలే," అనేవారు. పార్కుకి వెళ్లడం కూడా తగ్గించారు. ఎందుకని అడిగితే చలిగా ఉందన్నారు. అప్పటికింకా చలి మొదలవ్వలేదు.

వారానికి మూడు రోజులు ఆయనకి వ్యాయామం చేయించడానికి ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి వచ్చేది. ఒకరోజు లిఫ్టు దాకా ఆమె వెంట వెళ్లి విషయమంతా చెప్పాను. భయపడుతుందనుకున్నాను. ఆమె చాలా మామూలుగా, చాకు వల్ల ప్రమాదం లేదు దీదీ, ఒంటిచేత్తో తెరిచి మూయలేని చాకు వల్లే ప్రమాదం, అంది. లాక్ ఉన్నది చూడండి, కాయ కదలకుండా ఉండటానికి ఒక చెక్క చేయించండి, మిగతాది నేను నేర్పిస్తాను అంది.

అంతవరకు నేను చాకు గురించి ఆలోచించిన మనిషిని కాను. ఆఫీసులో లంచ్ టైములో ఫోనులో వెతకడం మొదలుపెట్టాను. మొదట తెప్పించింది నల్లగా, రంపపు పళ్లతో, యుద్ధానికి వెళ్లేవాడి చాకులా ఉంది. మీట నొక్కితే ఠప్పున తెరుచుకుంది. మా అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసింది. అది ఆ సాయంత్రమే పెట్టెతో సహా వెనక్కి వెళ్లిపోయింది.

రెండోది అందంగా ఉంది. చెక్క పిడి, సన్నటి బ్లేడు, లాక్ కూడా ఉంది. నా చేతిలో హాయిగా తెరుచుకుంది. ఆయనకి ఇచ్చే ముందు ఒకసారి నేనే ప్రయత్నిద్దామని పడకగదిలో తలుపు దగ్గరగా వేసి, చున్నీతో నా కుడిచేతిని నడుముకి కట్టేసుకున్నాను. ఎడమచేత్తో చాకు పట్టుకుంటే, తెరవడానికి బొటనవేలు పెట్టాల్సిన బుడిపె అవతలివైపుంది. ఎలాగో మోకాలి సాయంతో తెరిచాను. ఇక మూయడం రాలేదు. పిడి లోపలి లాక్‌ని కుడి బొటనవేలితో పక్కకి తొయ్యడానికి వీలుగా చేశారు. ఎడమచేత్తో తొయ్యబోతే వేలు సరిగ్గా బ్లేడు వచ్చే దారిలోనే ఉంటోంది.

అప్పుడే మా ఆయన తలుపు తోసుకుని వచ్చారు.

"ఏం చేస్తున్నావు?"

చెప్పాను. ఆయన మంచం అంచున కూర్చున్నారు. చెయ్యి చాపి ఆ చాకు తీసుకుని, తన కుడిచేతిని వీపు వెనక పెట్టుకుని ప్రయత్నించారు. మూడుసార్లు, నాలుగుసార్లు.

"నా వల్లే కావట్లేదు," అన్నారు. చాకు పక్కన పెట్టి, "చిన్నప్పుడు నా పెన్సిళ్లన్నీ నాన్నే చెక్కేవారు. ఆ వేళ్లకి రక్తం చూసేసరికి నాకు భయమేసింది. అందుకే తీసేశాను," అన్నారు.

నా చెయ్యి ఇంకా నడుముకే కట్టి ఉంది. ఆయనే ముడి విప్పారు.

తర్వాతి శనివారం ఇద్దరం పాత ఢిల్లీలో చావ్డీ బజార్ వెళ్లాం. తాళాలు, కత్తెర్లు, చాకులు అమ్మే చిన్న దుకాణంలో ఒక ముసలాయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "కిస్ కే లియే చాహియే, బేటీ?" అని అడిగాడు. మామగారికని, కుడిచెయ్యి లేవదని చెప్పాను. ఆయన వింటూనే తన కుడిచేతిని కోటు జేబులో పెట్టుకున్నాడు. అరల్లోంచి ఒక్కో చాకూ తీసి, ఎడమచేత్తో తెరిచి, మూసి, పనికిరానివి పక్కన పెట్టాడు. పది పన్నెండు అలా పక్కకెళ్లిపోయాయి.

చివరికి మిగిలింది చూడటానికి ఏమంత గొప్పగా లేదు. బ్లేడు నా చూపుడువేలంత. జామకాయకీ, ఆపిల్‌కీ అంతకంటే పొడవు దండగ అన్నాడు. బ్లేడులో బొటనవేలు ఆనించడానికి గుండ్రటి చిల్లు ఉంది, ఏ చెయ్యైనా ఒకటే. లాక్ పిడి వీపు మీద ఉంది కాబట్టి అదీ ఏ చేతికైనా ఒకటే. పిడి గరుగ్గా, తడి చేతికి జారకుండా ఉంది. చొక్కా జేబులో వేస్తే జేబు కిందికి లాగదు. మరీ గట్టి ఉక్కు కొనొద్దని కూడా ఆయనే చెప్పాడు. దాని పదును చాలాకాలం ఉంటుందట గానీ, ఒకసారి పోతే ఇంట్లో మళ్లీ పదును పెట్టుకోవడం కష్టమట. ఇది మామూలు రాయి మీద నాలుగు రాపిడులకి దారికొస్తుందన్నాడు. మూయడం ఎలాగో చూపించాడు. వీపు మీద లాక్ బొటనవేలితో నొక్కి, బ్లేడు వీపును తొడకి ఆనించి నెమ్మదిగా తోస్తే, వేళ్లు దారిలో లేకుండానే మూసుకుంటుంది. మా ఆయన చేత పదిసార్లు చేయించిగానీ వదల్లేదు.

ఇంటికొచ్చి, చాకు మా ఆయనే తీసుకెళ్లి వాళ్ల నాన్న చేతిలో పెట్టారు. మామగారు చాలాసేపు దాన్ని తిప్పి చూశారు. చిల్లులో బొటనవేలు పెట్టారు. సగం తెరుచుకుని ఆగింది. మళ్లీ తోశారు. టక్కుమంది. ఆ లాక్ పడిన చప్పుడుకి ఆయన తలెత్తి కొడుకుని చూశారు.

"ఎక్కడ పట్టార్రా దీన్ని?" అన్నారు.

పదునుకి ప్లాస్టర్ అంటించి రెండు వారాలు తెరవడం, మూయడం మాత్రమే సాధన చేయించింది ఫిజియో అమ్మాయి. వడ్రంగి ఒక పీట చేసిచ్చాడు. దాని మధ్య రెండు స్టీలు మేకులు, మొనలు పైకి ఉండేలా. కాయను వాటికి గుచ్చితే కదలదు. పీట కింద తడిగుడ్డ వేస్తే పీటా జారదు. మొదటి కాయలన్నీ వంకరటింకరగా తెగాయి. ఆయన వాటిని ఎవరికీ చూపించకుండా తనే తినేసేవారు.

డిసెంబరులో ఒక పొద్దున నేను నోయిడాలోని ఆఫీసుకి బయలుదేరుతున్నాను. బయట పొగమంచు. క్యాబు కింద ఉందని ఫోన్ మోగుతోంది. మామగారు భోజనాల బల్ల దగ్గర శాలువా కప్పుకుని కూర్చుని ఉన్నారు, ముందు పీట, దాని మీద ఆపిల్.

"ఒక్క నిమిషం కూర్చోమ్మా," అన్నారు.

కూర్చున్నాను. ఒక్క నిమిషం కాదని ఇద్దరికీ తెలుసు. ఆయన జేబులోంచి చాకు తీసి తెరిచారు. మొదటి కోత నిలువుగా, నింపాదిగా. తర్వాత కాయను తీసి, తిప్పి, మళ్లీ మేకులకి గుచ్చారు. మొదటిసారి కాయ సరిగ్గా దిగలేదు. నా చెయ్యి సాయానికి లేచింది. దాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. ఫోన్ మళ్లీ మోగింది, కట్ చేశాను. ఆయన గింజల దగ్గర ఆగి, చాకు మొనతో ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టారు.

"మీ అత్తయ్యకి తొక్క తీసి ఇవ్వాలి. లేకపోతే ముట్టుకునేది కాదు," అన్నారు పని మీంచి చూపు తిప్పకుండా. "తొక్క తియ్యడం నాకింకా రాలేదు. నీకు తొక్కతో ఫరవాలేదుగా?"

"ఫరవాలేదండి. నాకు అలాగే ఇష్టం."

అత్తగారి గురించి ఆయన నాతో మాట్లాడటం అదే మొదలు. ఆవిడకి దానిమ్మ ఎలా ఒలిచి ఇచ్చేవారో, సీతాఫలం దగ్గర ఎందుకు గొడవపడేదో చెప్పుకుంటూ పోయారు. నేను వింటూ తిన్నాను. నాలుగు ముక్కలూ నాలుగు సైజుల్లో ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది నా వైపు జరిపారు.

క్యాబతను వెళ్లిపోయాడు. పదకొండింటికి వస్తానని ఆఫీసుకి మెసేజ్ పెట్టాను. మామగారు చాకును తుడిచి, తొడకి ఆనించి మూసి, ఇంకో ఆపిల్ తెమ్మన్నారు.