టిక్‌మనే పానా

మా బంగారురాజు బావతో పనిముట్లు కొనడం కంటే మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా రామతీర్థం కొండెక్కడం నయం.

ఆయన మా అక్క కాంతం మొగుడు. సాలూరు లారీ షెడ్డులో ఇరవై ఎనిమిదేళ్లు మెకానిక్కు. మోకాళ్లు అరిగి, లారీ కిందకు దూరలేక, ఇంటి ముందు రేకుల పాక వేసి కార్లు బాగుచేస్తానన్నాడు. అదీ సాగకపోతే ఏ గోడౌనుకో కాపలా ఉండాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆయనకు ముద్ద దిగదు.

విజయనగరంలో నాది ఇనుప సామాన్ల కొట్టు. కార్లకు ఏమేం కావాలో చీటీ రాసి ఉంచాను. ఆయన చీటీ ముట్టుకోలేదు. ఒక్కో పానా చేతిలో ఆడించి, బరువు చూసి పక్కన పడేస్తున్నాడు.

"బరువు లేని పానా పానాయేట్రా మురళీ? పిల్లలాడుకోడానికా?"

"కార్ల నట్లు సిన్నవి బావా."

"నట్టు నట్టే కదేటి!"

నాకు ఒళ్లు మండింది. అయినా టార్క్ రెంచి తీసి చూపించాను. ఎంత బిగువు కావాలో దాని మీద పెట్టుకుంటే, అంతవరకు బిగియగానే టిక్‌మంటుంది, ఆపేయాలి.

"నా సెయ్యికి తెలీందేటి, ఈ ఇనప ముక్కకి తెలుస్తాదా?" అని నవ్వి, లారీ చక్రాల పానా, దానికి తొడిగే పొడుగాటి గొట్టం పట్టుకుపోయాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని.

ఆ మొండితనం ఊరికే రాలేదు. సాలూరు దాటితే లారీ ఘాట్ ఎక్కాలి. అందుకని వాళ్ల షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. చక్రం బిగించాక మెకానిక్కు పానా మీదెక్కి నిలబడాలి. ఆ తర్వాత డ్రైవరూ అదే పానా మీదెక్కుతాడు. అప్పుడు నట్టు కదిలిందా, షెడ్డందరికీ మెకానిక్కే టీలు పోయించాలి. ఇన్నేళ్లలో మా బావ ఒక్కసారీ పోయించలేదు.

పాకకు వచ్చిన మొదటి కారు బావ వాళ్ల వీధిలోనే ఉండే దుర్గాభవాని టీచరుది. ఆదివారం కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను. బ్రేకుల పని ముచ్చటగా చేశాడు. చక్రం ఎక్కించి, నట్టు బిగించి, పానాకు గొట్టం తొడిగి, దాని మీదెక్కాడు. నేను అరిచేలోపే బోల్టు పుటుక్కున తెగింది. అక్కడితో ఆగితే మా బావ ఎందుకవుతాడు? "ఇది నాసిరకం బోల్టు" అంటూ రెండో దాని మీదా ఎక్కాడు. అదీ తెగింది.

"ఇంక ముట్టుకోకండి. రేపు వేరే మెకానిక్కుని పిలుస్తాను," అని టీచరు వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

"వీధంతా తెలిసిపోనాది. ఇంక మన పాకకి కారెవులు తెస్తారు?" అని అక్క ఏడ్చింది. పెద్దవాడని కూడా చూడకుండా నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన లేచి వెళ్లి టీచరు గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఒక్కపాలి సూడండి. ఈసారి కాలెత్తను."

మీ బావమరిది పక్కనుంటేనే అందావిడ.

మర్నాడు కొత్త బోల్టులూ టార్క్ రెంచీ పట్టుకెళ్లాను. మొదటి నట్టు బిగియగానే రెంచి టిక్‌మంది. బావ కాలు దానంతటదే లేచింది. అక్క గుంజ పట్టుకుని ఊపిరి బిగబట్టింది. ఆయన కాలు దించి రెండో నట్టుకు వెళ్లాడు.

టీచరు కారు నడిపి చూసుకుంది. బ్రేకులు బాగున్నాయని, వచ్చే నెల సర్వీసుకు తెస్తానని చెప్పింది. అక్క సంబరంగా టీ పెట్టడానికి లోపలికి పరిగెత్తింది. హమ్మయ్య అనుకున్నాను.

బావ మాత్రం రెంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు.

"ఒరే మురళీ, నట్లు బిగిసినాయంటావేటి?"

"బిగిసినాయి బావా. టిక్‌మన్నాది కదా."

"దానికి తెలిసినాది. నా సెయ్యికి తెల్లేదురా."

రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. ఈసారి ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు.