జగదీశ్వర్ టైపు చేసిన అర్జీ

మా బిల్డింగులో మొదటి అంతస్తులో ఉండే జగదీశ్వర్‌ను అశోక్ నగర్లో పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ జిరాక్స్ అన్న. గ్రూప్స్‌కు చదివే పిల్లలు వందలకొద్దీ తిరిగే సందులో అతని దుకాణం. రెండు మిషన్లు, ఒక కంప్యూటరు, వాటి మధ్య ఒక మనిషి ఇరుక్కుని కూర్చునేంత చోటు. నోట్సులు టైపు చేస్తాడు, కాపీలు తీస్తాడు, స్పైరల్ బైండింగ్ వేసిస్తాడు. పదిహేనేళ్లుగా టైపు చేసీ చేసీ రాజ్యాంగం సగం అతనికి నోటికొచ్చేసింది. పరీక్ష మాత్రం ఏనాడూ రాయలేదు.

నేను అదే బిల్డింగులో కింది వాటాలో కిరాయికి ఉంటాను. బషీర్‌బాగ్‌లో ఒక సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాను. చిక్కడపల్లిలో ముప్పై ఏళ్ల బట్టి ఉంటున్నాను కనుక నేను పెద్దమనిషినని ఇక్కడివాళ్ల నమ్మకం. ఇది చదివాక ఏమనుకుంటారో వాళ్లిష్టం.

జగదీశ్వర్‌కు ఒక్కతే కూతురు, సంయుక్త. ఆరేళ్లది. మూడో ఏట డాక్టర్లు ఆటిజం అన్నారు. ఆ రోజు నుంచి ఆ ఇంటికి సలహాలకు కొదవలేదు. ఫోన్ చూపించడం వల్లే వచ్చిందని ఒకరు, తల్లి ఉద్యోగానికి వెళ్లడం వల్లే అని ఇంకొకరు. అతని భార్య ఉదయశ్రీ ఉద్యోగం వదిలేసి ఇంట్లో కూర్చుంది, అయినా ఆ మాట పోలేదు. చుట్టాలు పెళ్లికి పిలుస్తూ, పాపను ఎవరి దగ్గరైనా ఉంచి రండని మెల్లగా చెప్పేవారు. చేర్చుకున్న బడివాళ్లు మూడు నెలలకు పిలిపించి, మిగతా తల్లిదండ్రులు అడుగుతున్నారండీ అన్నారు. ఏమడుగుతున్నారో చెప్పలేదు.

ఈ మధ్య ఇలాంటి పిల్లలు ఎక్కువైపోతున్నారట అని గేటు పక్క బెంచీ మీద మేమూ మాట్లాడుకునేవాళ్లం. వానాకాలంలో డెంగీ గురించి మాట్లాడుకున్నట్టే. పేపర్లో లెక్క చదివి అయ్యో అనేవాళ్లం. ఆ లెక్కలో ఒకతె మా నెత్తి మీదే నడుస్తోందని తెలుసు. ఒక్కనాడైనా మెట్లెక్కి వెళ్లి ఆ పిల్ల దగ్గర పది నిమిషాలు కూర్చుందామని మాలో ఒక్కడికీ తోచలేదు.

ఐదేళ్లు నిండేదాకా సంయుక్త నోట ఏడుపు తప్ప ఇంకో శబ్దం లేదు. వారానికి మూడు రోజులు ఉదయశ్రీ ఆమెను ఆటోలో నారాయణగూడకు స్పీచ్ థెరపీకి తీసుకెళ్లేది. అక్కడి టీచరు చంద్రిక ఎప్పుడూ చెప్పేది ఒకటే, పాప ఏ శబ్దం చేసినా మీరు జవాబివ్వండి అని. పోయిన దసరా దాటాక ఒక సాయంత్రం సంయుక్త కిటికీ దగ్గర నిలబడి ‘ఏ...య్’ అని సాగదీసింది. ఉదయశ్రీ కూడా ‘ఏ...య్’ అంది. పిల్ల తిరిగి చూసి, మళ్లీ అంది. కబురు విని జగదీశ్వర్ దుకాణం మూసేసి పరుగెత్తుకొచ్చాడు. ఆ తర్వాత రోజూ నాలుగింటి నుంచి గంటసేపు ఆ ఇంట్లో అదే కేక. అది మాట కాదు గానీ మాటకు ముందు వచ్చేది, దాన్ని ఆగనివ్వకండి, మాటలు దాని వెనకే వస్తాయి అంది చంద్రిక. ఆ మొగుడూ పెళ్లాల ఆశ మొత్తం ఆ ఒక్క కేక మీదే ఉంది.

రెండో అంతస్తును ఓనరు కిషన్ రావు స్టడీ హాలుకు కిరాయికిచ్చాడు. అరవై కుర్చీలు, కుర్చీకో లైటు, గోడకు నిశ్శబ్దం అని బోర్డు. నోటిఫికేషన్ పడి, పరీక్షకు రెండు నెలలుందనగా వాళ్లకు కింది కేక వినపడడం మొదలైంది.

ఒక మధ్యాహ్నం స్టడీ హాలు కుర్రాడు సుమంత్ చేత్తో రాసిన కాగితం పట్టుకుని జగదీశ్వర్ దుకాణానికి వచ్చాడు. జర అర్జెంటు, టైపు చేసి రెండు కాపీలిమ్మన్నాడు. టైపు చేసేటప్పుడు జగదీశ్వర్ వేళ్లు అర్థం కోసం ఆగవు. మూడో వరుసలో మా బిల్డింగు నంబరు వచ్చాక ఆగాయి. ‘మొదటి అంతస్తులోని మతిస్థిమితం లేని పిల్ల అరుపుల వలన అభ్యర్థుల భవిష్యత్తు దెబ్బతింటున్నది. కావున సదరు కుటుంబాన్ని వెంటనే ఖాళీ చేయించగలరు.’ సుమంత్ అతనికి తెలిసిన కుర్రాడే, నోట్సులన్నీ అక్కడే కొంటాడు. జిరాక్స్ అన్న ఇల్లెక్కడో సుమంత్‌కు తెలియదు. పొద్దున్నే వెళ్లి దుకాణం కట్టేశాక వచ్చే మనిషి మా బిల్డింగులో ఎవరి కంట పడతాడు?

జగదీశ్వర్ చివరిదాకా కొట్టాడు. ఒక్క చోట మార్చాడు. ప్రింటు చదువుకుని సుమంత్ తలెత్తాడు.

“మతిస్థిమితం లేని అని రాసిన గద అన్న. ఆటిజం ఉన్న అని పెట్టినవేంది?”

“అదే కరెక్టు తమ్మీ. యాక్టుల ఏమున్నది?”

సుమంత్ నవ్వాడు. “రెండువేల పదహారు వికలాంగుల హక్కుల యాక్టు. మొత్తం ఇరవై ఒక్క వైకల్యాలు. మన నోట్సుల ఆటిజం తొమ్మిదోది. ఈసారి బిట్టు వస్తదంటున్నరు.”

ఆ నోట్సు టైపు చేసింది జగదీశ్వరే. మార్పు బాగుందని, అర్జీకి ఆఫీసు కళ వచ్చిందని మెచ్చుకుని సుమంత్ కాగితాలు బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ పాప తన కూతురేనని ఎందుకు చెప్పలేదని తర్వాత నేను అడిగితే, “చెప్తే సారీ అంటడు సార్. సారీ తీస్కపొయ్యి నేనేం జెయ్యాలె” అన్నాడు.

మర్నాటికి ఆ అర్జీ మీద నలభై ఒక్క సంతకాలు పడ్డాయి. నలభై రెండోది నాది. పాప చప్పుడు సంగతి, పెద్దవారు మీరు కూడా పెడితే బరువుంటుందన్నాడు సుమంత్. కళ్లద్దాల కోసం లోపలికి వెళ్లడానికి కూడా బద్ధకించి, గుమ్మంలో నిలబడే గీకి ఇచ్చేశాను. నా మధ్యాహ్నం నిద్ర పాడవుతోందన్న కసి కూడా లోపల ఉంది, అబద్ధమెందుకు.

కిషన్ రావు అర్జీ చూపించి, పరీక్ష అయ్యేదాకా పాపను కాస్త కట్టడిలో పెట్టండి, లేదంటే ఇల్లు చూసుకోండి అన్నాడు. జగదీశ్వర్ లోయర్ ట్యాంక్ బండ్ దాకా తిరిగి ఏడిళ్లు చూశాడు. అన్నీ కుదిరినచోట కూడా పిల్లను చూడగానే సంగతి మారిపోయేది. ఒకరికి ఊరి నుంచి బంధువులు వస్తున్నారు, ఇంకొకరికి అప్పటికప్పుడు ఇంటికి రంగులు వేయించాలి. చివరకు ఎక్కడికీ పోలేక, పిల్ల నోరు మూయించడానికే ఒప్పుకున్నారు.

కిటికీలు మూశారు. సంయుక్త గొంతెత్తగానే ఉదయశ్రీ నోటికి చెయ్యి అడ్డం పెట్టేది. చంద్రిక వద్దన్న ఫోనే చేతికిచ్చేది. రెండేళ్లు దేనికోసం ఆటోల్లో తిరిగిందో దాన్ని ఆ తల్లి తన చేత్తోనే లోపలికి తోసింది. మొదట్లో పిల్ల ఆ చేతిని కొరికింది. తర్వాత కొరకడం ఆపింది. ఐదో వారానికి, తల్లి చెయ్యి లేవగానే తనే పెదవులు బిగించుకునేది. ఆ పైన చెయ్యి లేపాల్సిన పని కూడా లేకపోయింది.

పరీక్ష అయిపోయింది. స్టడీ హాలు సగం ఖాళీ అయింది. ఉదయశ్రీ కిటికీలన్నీ తెరిచి ‘ఏ...య్’ అంది. ఇరవై రోజులు అంటూనే ఉంది. పిల్ల తల్లి చేతి వంక చూసేది తప్ప నోరు తెరవలేదు. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి, వస్తుందని మాట ఇవ్వలేను అంది చంద్రిక.

ఇదంతా అప్పటికి నాకు తెలియదు. తెలుసుకోలేదు అనడం న్యాయం. ఒక ఆదివారం మెట్ల దగ్గర తండ్రీకూతుళ్లు ఎదురైతే, మంచిమాట చెబుదామనుకునే నోరు తెరిచాను. “పాప మంచిగ నెమ్మదించింది జగదీశ్వర్. నయమైనట్టే ఉన్నది గద.”

అతను కూతుర్ని మెట్టు మీద కూర్చోబెట్టాడు. ఇన్నేళ్లలో అతని గొంతు పెరగగా నేను వినలేదు. ఆ రోజూ పెరగలేదు.

“నయం గాలే సార్. మానిపిచ్చినం. మీరు, నేను, దాని తల్లి, పైన సదువుకునేటోళ్లు, అందరం గల్సి మానిపిచ్చినం. పేపర్ల రోజు రాస్తున్నరు గద, ఇసొంటి పిల్లలు పెరుగుతున్నరని. లెక్కనే పెరుగుతున్నది సార్. పిల్లలను పెరగనిస్తలేరు.”

దుకాణంలో జరిగింది, ఇంట్లో జరిగింది, అంతా ఆ మెట్ల మీదే నిలబడి చెప్పాడు. నాకు సిగ్గేసింది. సిగ్గుపడడం కష్టమేమీ కాదని కూడా ఆ రోజే తెలిసింది. అంతా అయ్యాక జేబులోంచి ఒక కాగితం తీశాడు. తనే టైపు చేసుకున్నాడు. ‘మా బిల్డింగులో ఆటిజం ఉన్న పాప ఉన్నది. ఆమె శబ్దం చేసినచో మాకు అభ్యంతరం లేదు.’ కింద సంతకాలకు గీతలు. వచ్చే నోటిఫికేషన్ పడేలోపు కిషన్ రావుకు ఇవ్వాలట. చంద్రిక మళ్లీ మొదలుపెడుతోంది, ఒకవేళ పిల్ల గొంతు తిరిగొస్తే ఈసారి నోరు మూయలేమన్నాడు. మొదటి గీత మీద నేను పెడితే మిగతావాళ్లు పెడతారట.

కాగితం తీసుకున్నాను. కిషన్ రావుతో ముప్పై ఏళ్ల స్నేహం, స్టడీ హాలు వాళ్లు లేచిపోతే అతనికి నష్టం, కోపమొస్తే రేపు నన్నూ ఖాళీ చేయమనవచ్చు. ఇవన్నీ ఆ మెట్ల మీదే వరసగా గుర్తొచ్చాయి. చదివి చెబుతానన్నాను.

అందులో ఉన్నవి రెండే వాక్యాలు. పద్నాలుగు రోజులైంది. పొద్దున దుకాణానికి వెళుతూ జగదీశ్వర్ నా గుమ్మం ముందు ఒక నిమిషం ఆగుతాడు. ఇంకా చదువుతున్నాననే చెబుతున్నాను.