మామ పండుకున్న పొట్టు

పోయిన వారం వేలూరులో మా ఇంటికి అల్మరాలు కొట్టే వడ్రంగి, మధ్యాహ్నం అన్నానికి లేస్తా, "ఈ పొట్టంతా యాడ పారేసేదమ్మా?" అని అడిగినాడు. హాలు నిండా రంపపు పొట్టు. "పారేయొద్దు నాయనా, గోతంలో ఎత్తిపెట్టు" అనేసినాను. ఎందుకన్నానో నాకే తెలీదు. మా ఇంట్లో కోళ్లు లేవు, పొట్టుపొయ్యి లేదు, మంచం పట్టిన మనిషీ లేడు.

పొట్టును దాచిపెట్టే బుద్ధి మా మేనత్తది. ఆమెది గుడియాత్తం. నేను పెళ్లయి ఆ ఊరికే కాపురానికి పోయినాను కాబట్టి, రోజూ ఆమె ఇంట్లోనే ఉండేదాన్ని. మామ కోతమిల్లులో రంపం దగ్గర పని చేసేవాడు. అత్త ఇంట్లో బీడీలు చుట్టేది. మిల్లులో రాలిన పొట్టును ఓనరు పనివాళ్లకు ఊరికే ఇచ్చేవాడు. రేకు డబ్బాలో నడిమధ్యన సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, సీసాను మెల్లిగా పైకి లాగితే అత్తకు అదే పొయ్యి. అడుగున బెజ్జంలో పుల్ల అంటిస్తే అన్నం, పులుసు, స్నానానికి నీళ్లు అన్నీ అయిపోయేవి. గుడ్లు పొట్టులో దాచేది, వాకిట్లో బురదయితే పొట్టు చల్లేది. చిత్రిక పట్టేటప్పుడు ఉంగరాలుగా రాలే చెక్కచుట్టల్ని దిండ్లలో కూరేది. ఆ దిండు మీద తల పెడితే చెవి దగ్గర ఎవరో అప్పడాలు నమిలినట్టుండేది. "మీ అత్త ఇంకా ఉప్మాలో వేయలేదు, అంతే" అని మామ ఎగతాళి చేసేవాడు.

ఒక దినం లారీలోంచి దించతా ఉంటే వేపమాను జారి మామ నడుం మీద పడింది. వేలూరు ఆస్పత్రిలో చాన్నాళ్లు పెట్టుకున్నారు. కడాకు ఒక డాక్టరమ్మ అత్తను పక్కన కూర్చోబెట్టుకుని, నడుం కింద ఇంక ఏమీ తెలియదని, ఒంటికి తడి తగలనీకుండా చూసుకోమని, పుండ్లు పడితే మనిషి దక్కడని తమిళంలో నిదానంగా చెప్పింది. ఇంటికొచ్చినాక మామకు ఒంటేలు పోసుకునేది కూడా తెలిసేది కాదు. పరుపు తడిస్తే ఆరేది కాదు. అత్త ఆలోచించి ఆలోచించి, మనిషి పట్టేంత చెక్కపెట్టె చేయించి, దాని నిండా పొట్టు పోసి, పైన మెత్తటి పాత లుంగీ పరిచింది. తడిసిన కాడికి చేతుల్తో తోడి పారేసి కొత్త పొట్టు పోసేది.

"నన్ను ఇరగ్గొట్టిన మిల్లు పొట్టు మీదే పండాల్నా?" అన్నాడు మామ.

"వేరే పొట్టు యాడుండాది చెప్పు" అనింది అత్త.

నాలుగు నాళ్లకు అలవాటు పడినాడు. పిడికెడు తీసి వాసన చూసి, "ఇది టేకు, ఎవురో ఉన్నోళ్ల వాకిలి తలుపు" అనేవాడు. ఒకసారి కోడి వచ్చి పెట్టెలో ఆయన కాళ్ల సందున గుడ్డు పెట్టి పోయింది. ఆయనకు తెలియలేదు. మేం చూపిస్తే కండ్లలో నీళ్లు కారేటట్టు నవ్వినాడు. నవ్వతా నవ్వతానే గోడవైపు తల తిప్పుకున్నాడు.

అట్లా అత్త రెండు వానాకాలాలు పుండు పడకుండా కాపాడింది. ఆ తర్వాత ఓనరు పొట్టంతా ఇటుకబట్టీ వాళ్లకు బేరం మాట్లాడేసినాడు. అత్త అడిగేదానికి పోతే నేను తోడు పోయినాను.

"రోజుకొక గంప చాలన్నా" అనింది.

"మాట ఇచ్చేసినానమ్మా. నీకిస్తే అందరూ వస్తారు" అన్నాడు ఆయన, తలెత్తకుండానే.

అత్త కే.వి.కుప్పం దాకా బస్సులో పోయి, వడ్రంగుల అంగళ్లలో ఊడ్చుకుని గోతంలో తెచ్చేది. ఒక్కోసారి అందులో మేకులుండేవి. చాటలో పోసి వేళ్లతో ఏరేది. అంతలో ముసురు పట్టింది. తెచ్చిన పొట్టు దారిలోనే తడిసేది. బాణట్లో వేయించి, ఆరబెట్టి పోసినా చాలలేదు. మామ వీపు కింద ఎర్రటి మచ్చ లేచింది. మచ్చ పుండయింది. మళ్లీ వేలూరు తీసుకుపోయేలోపలే జ్వరం ముదిరి, మామ పోయినాడు.

ఊళ్లో కట్టెలన్నీ నానిపోయి ఉండినాయి. శవాన్ని ఎత్తబోతా ఉంటే మిల్లు బండి వచ్చి వాకిట్లో నిలబడింది. దాని మీద టార్పాలిన్ పట్ట కప్పిన పొట్టు బస్తాలు.

"కట్టెలు అంటుకునేదానికి ఓనరు పంపించినాడమ్మా" అన్నాడు బండివాడు.

అత్త లేచి వచ్చి, ఒక బస్తా మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చింది. పిడికెడు తీసి చెంపకు ఆనించుకుంది.

"పొడిగా ఉండాది అమ్మణ్ణీ" అనింది నాతో. "ఎంత పొడిగా ఉండాదో చూడు."

అప్పటిదాకా ఏడవని మనిషి, ఆ బస్తాను పట్టుకుని ఏడ్చింది. మగవాళ్లకు కోపమొచ్చి బండిని తిప్పి పంపిస్తామన్నారు. అత్తే వద్దనింది. "తీసుకుపోండప్పా. ఆ మనిషిని ఇంకా తడి కట్టెల మీద పండబెట్టొద్దు" అనింది.

ఆ తర్వాత ఆమె చాలా ఏండ్లు బతికింది. పెట్టె పలకలు విప్పి కోళ్లగూడు చేయించింది. బీడీలు చుట్టతానే ఉండింది. ఓనరు వీధిలో ఎదురయితే తల దించుకునేవాడు. ఈమే నిలబడి, "బాగుండావా అన్నా?" అని అడిగేది. అది మన్నింపో ఇంకొకటో నాకు ఎన్నడూ తెలియలేదు. అప్పట్లో నా కంటికి ఆమె ముసలిది. ఆ వానలో బస్తా పట్టుకుని నిలబడిన నాటికి ఆమెకు ఇప్పటి నా కూతురి వయసు కూడా లేదని తెలుసుకునేదానికి నాకు ఇన్నేండ్లు పట్టింది.