నానీ జరిపించిన చంద్రిక పెళ్లి

ఎండు ఖుబానీ పళ్లు చక్కెరలో ఉడుకుతుంటే ఇల్లంతా కమ్ముకునే ఆ పుల్లతీపి వాసన ఇప్పటికీ నన్ను సంతోష్‌నగర్‌లోని మా అద్దె ఇంటి మేడ మీదికి, ఏడో తరగతి వేసవి సెలవుల్లోకి తీసుకుపోతుంది. నాన్నగారి ఉద్యోగం కోసం బందరు నుంచి వచ్చిన మాకు ఆ వీధిలో మొదట దొరికిన చుట్టాలు పక్కింటి నస్రీన్, వాళ్ల అమ్మమ్మ నానీ. రెండు మేడల మధ్య మోకాలెత్తు పిట్టగోడ. ఇటు అమ్మ మినప వడియాలు పెడుతుంటే, అటు నానీ మామిడి ముక్కలు ఎండబెట్టి కాకుల్ని తోలుతుండేది. నేనూ నస్రీనూ నీళ్ల ట్యాంకు నీడన గచ్చకాయలాడి, ఉప్పూకారం అద్దిన మామిడికాయతో పళ్లు పులిసిపోయాక పుస్తకం తీసేవాళ్లం.

ఆ ఏడు వీధి చివర అద్దె పుస్తకాల కొట్లో ఒక నవల దొరికింది. వాసు, చంద్రిక పక్కపక్క ఇళ్లలో పుట్టి, ఒకే పలక మీద అక్షరాలు దిద్ది, పెద్దయ్యాక ఒకరినొకరు ఇష్టపడతారు. నస్రీన్‌కు తెలుగు గలగలా మాట్లాడటం వచ్చుగాని, చదవాలంటే కూడబలుక్కోవాలి. అందుకని నేనే పైకి చదివేదాన్ని. మర్నాటికి నానీ ఎల్లిపాయలు ఒలుచుకుంటూ గోడ దగ్గరికి జరిగింది. ఆ తర్వాత అమ్మ కూడా, వింటున్నట్టు కనబడకుండా, ఎండిపోయిన వడియాల్నే మళ్లీ మళ్లీ తిరగేస్తూ నిలబడేది. వాసు చంద్రిక జడలో మల్లెలు తురిమినప్పుడు నానీ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఎంత నవ్విందంటే, ఆ పేజీ మళ్లీ మొదటినుంచి చదవాల్సి వచ్చింది.

చివరి పేజీల్లో చంద్రికకు మందులేని జబ్బు వచ్చింది. వాసు ఒళ్లో తలపెట్టుకుని కన్నుమూసింది. నేను చదవడం ఆపేశాను. నస్రీన్ అయితే వెక్కివెక్కి ఏడ్చింది. వాళ్లమ్మ కూడా తను నడక నేర్వకముందే జబ్బుచేసి పోయింది. అది తెలిసిన అమ్మ నా చేతిలోంచి పుస్తకం మెల్లగా తీసుకుని మూసేసింది. నానీ మనవరాలి వంక చాలాసేపు చూసింది. ఆమెకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది.

"చిన్నప్పటిసంది కలిసి పెరిగిన పోరిని గిట్ల చంపుతరా? రాసినోనికి ఆడబిడ్డల్లేరా?" అంది.

పుస్తకంలో అలాగే ఉందని నేను గొణిగాను.

"ఉంటె ఉండనియ్యి. నేను ఒప్పుకోను. ఆ పిల్లకు దవా దొరికింది. రేపు పెండ్లి."

అమ్మ పుస్తకం నాకు తిరిగిచ్చి, "అయితే పులిహోర నేను కలుపుతా" అంది.

మర్నాడు మేడ మీద నిజంగానే పెళ్లి జరిగింది. నస్రీన్ చేతులకూ నా చేతులకూ నానీ మెహందీ పెట్టింది. నాన్నగారు పూలబజారు నుంచి మల్లెలు తెచ్చారు. పులిహోర, పక్కనే మీగడ వేసిన ఖుబానీ కా మీఠా. నేను పుస్తకం తెరిచి పట్టుకుంటే నానీ చెబుతూ పోయింది, నేను అచ్చులో ఉన్నట్టే చదువుతూ పోయాను. తాళి కట్టాక వాసు సిగ్గుపడి పారిపోయాడని నానీ చెప్పినప్పుడు అందరికంటే గట్టిగా నవ్వింది నస్రీనే.

ఇప్పుడు ఆ రెండిళ్లూ లేవు. వాటి చోట పెద్ద అపార్టుమెంటు లేచింది, మేడకు ఎప్పుడూ తాళమే. అద్దె పుస్తకాల కొట్టు సెల్‌ఫోన్ల దుకాణమైంది. నానీ పోయి చాలా కాలమైంది. మధ్యాహ్నాలు పైకి చదివేవాళ్లూ, పని వంకతో నిలబడి వినేవాళ్లూ ఎక్కడా కనబడరు. నస్రీన్ మాత్రం అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. పిల్లల సంగతులు, మోకాళ్ల నొప్పులు అన్నీ అయ్యాక, పెట్టేసే ముందు, "చంద్రిక ఎట్లున్నదే?" అని అడుగుతుంది.

ఈసారి, మొన్ననే మనవరాలు పుట్టిందని, నానీ పేరే పెట్టుకున్నారని చెప్పాను.