కొండల్లో సముద్రపు గది

అరకులో కాఫీ తోటల ఉద్యోగులకు ఇచ్చిన క్వార్టర్సులో మా ఇంటికి ఒక గది ఎక్కువ ఉండేది. చుట్టాల గది అనేవాళ్లం. చుట్టాలు వచ్చేవారు కాదు. పొగమంచు మాత్రం కిటికీ తెరిస్తే చాలు, మంచం దాకా వచ్చేసేది.

నేను భీమిలి దగ్గర సముద్రం ఒడ్డు ఊళ్లో పుట్టాను. మా వీధి చివర నిలబడితే కంటికి అడ్డం అనేది ఉండదు. ఇక్కడ ఏ గుమ్మంలో నిలబడినా ఎదురుగా కొండ, దాని వెనక ఇంకో కొండ. ఆయన పొద్దున్నే తోటలకు పోతే మళ్లీ చీకటి పడ్డాకే. వానాకాలంలో నాలుగు గోడల మధ్య నాకు ఊపిరాడేది కాదు. ఒక్కసారి ఇంటికి పోయొస్తానంటే, "మీవాళ్లు పిలవనీ" అనేవారు. అందులో తప్పు పట్టడానికీ లేదు. పుట్టింటివాళ్లే వచ్చి, పిలిచి, వెంటబెట్టుకుని తీసుకెళ్లాలి. పిలవకుండా ఆడపిల్ల పెట్టె పట్టుకుని దిగితే, ఆ పూటకే ఊరంతా కాపురం చెడిందని చెప్పుకుంటుంది.

అప్పటికి రైలు కొత్తగా పడింది. పెళ్లయిన రెండో ఏడు, చూడ్డానికి వస్తున్నానని అమ్మ కబురు పెట్టింది. ఆయన ఎదుట "నన్ను తీసుకెళ్లు" అని నోరు తెరిచి అనలేను. కాని ఆ గదిని మా ఊరి ఇల్లులా చేసి పెడితే, అడుగు పెట్టగానే అమ్మకు తెలిసిపోతుంది కదా, ఈ పిల్ల ఎంత బెంగ పెట్టుకుందో.

సున్నంలో నీలిమందు దండిగా కలిపి గోడలకు నేనే వేశాను. మా ఊళ్లో పొద్దున వేసిన సున్నం మధ్యాహ్నానికి ఆరుతుంది. ఇక్కడ ఆ ముసురులో ఎన్నాళ్లైనా ఆరలేదు. చెయ్యి ఆనిస్తే చెయ్యి నీలం, చీర ఆనిస్తే చీర నీలం. చివరికి బొగ్గుల కుంపటి తెచ్చి, బాలింతకు కాపడం పెట్టినట్టు గోడ గోడకూ పెట్టాను. పెళ్లికి తెచ్చుకున్న ట్రంకు పెట్టెలోంచి గవ్వల తోరణం తీసి గుమ్మానికి కట్టాను. అద్దం చుట్టూ ఆల్చిప్పలు మైదా జిగురుతో అంటించాను. సామాన్లకు చుట్టి తెచ్చిన పాత వల ముక్క గోడకెక్కింది. మంచం మీద తాటాకు చాప, తలగడ పక్కన తాటాకు విసనకర్ర.

ఆయన చూసి నవ్వారు. "ఇక్కడ రెండు రగ్గులు కప్పుకున్నా పళ్లు కొట్టుకుంటాయి. విసనకర్ర ఎవరికి?"

నాకు ఒళ్లు మండింది. ఆ మనిషికి గోడ మీద రంగు కనబడింది గాని నేను కనబడలేదు.

అమ్మ రైలు దిగి, వణుకుతూ, సొరంగాల్లో ప్రాణం పోయిందని చెబుతూ వచ్చింది. గది తలుపు తీశాను. అమ్మ గవ్వల తోరణం చేత్తో తప్పించి లోపలికి వెళ్లింది. గోడల వంకా, చాప వంకా చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంక పిలుస్తుంది అనుకున్నాను.

"ఓలమ్మ! ఎంత సక్కగా సద్దుకున్నావే గుంటా! ఈ కొండల్లో ఎలాగుంటన్నావో అని నాకు రేత్తిరి నిద్దరుండేది కాదు. సంద్రాన్నే ఇక్కడికి తెచ్చీసుకున్నావు గదే. ఇంక నాకేటి బెంగ?"

గుమ్మంలో ఆయన మురిసిపోతూ నిలబడ్డారు. "అంతా తన చేతులతోనే చేసుకుందండీ" అన్నారు.

"అమ్మా..." అన్నాను.

"ఏటే?"

"కాఫీ తాగుతావా?"

ఉన్నన్నాళ్లూ అమ్మ ఆ గదిలో రెండు రగ్గులు కప్పుకుని హాయిగా నిద్రపోయింది. కొంగుకు గోడ నీలం అంటితే దులుపుకుని నవ్వేది. స్టేషన్లో నా చెయ్యి పట్టుకుని, "ఊళ్లో అందరికీ సెప్తాను" అని రైలెక్కింది. ఇంటికి నడుస్తుంటే ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఎవరి మీదో నాకే తెలియదు.

వానలు తగ్గాక మా ఊరి మనిషి ఒకడు ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. గుమ్మంలో మా ఊరి మాట వినబడగానే మంచం కింద నుంచి ట్రంకు పెట్టె లాగాను. రెండు చీరలు పెట్టాను కూడా. అతను కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, భుజం మీది బస్తా దించాడు. నిండా గవ్వలు, ఆల్చిప్పలు. ఇసుక ఇంకా వదల్లేదు.

"మీయమ్మ అంపింది. ముందు గదికి కూడా కట్టుకోమంది" అన్నాడు.

లోపలికి వెళ్లి పెట్టెలోంచి చీరలు తీసేశాను. ఆ గవ్వలకు పెట్టె సరిగ్గా సరిపోయింది.