మా అమ్మాయి అన్నవాళ్లు

నేను కెనడాలోని సార్నియాలో చదువుకున్న రోజుల్లో ఊళ్లో ఎటు చూసినా మాలాంటివాళ్లే కనిపించేవాళ్లు. కాలేజీ కారిడార్లలో, షాపుల కౌంటర్ల వెనక, చలికి వణుకుతూ బస్సు కోసం నిలబడ్డ గుంపుల్లో తెలుగు, పంజాబీ, గుజరాతీ, మలయాళం వినిపించేవి. కెమికల్ ప్లాంట్లను నమ్ముకుని బతికే చిన్న ఊరు అది. ఒక్కసారిగా ఇంతమంది వచ్చిపడితే ఇరుకే అవుతుంది, కాదనను. కానీ మేం గోడ దూకి రాలేదు. అప్లై చేశాం, సీట్లిచ్చారు, వీసాలిచ్చారు, వచ్చాం. ఈ మాట ఎవరితోనైనా గట్టిగా అనాలని నాకు రోజూ అనిపించేది. ఒక్కసారే అన్నాను. అదీ ఒక రగ్బీ మ్యాచ్ వల్ల.

మేమిద్దరం ఒక పెద్దావిడ ఇంట్లో బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్లం. నాది కరీంనగర్. నా రూమ్మేట్‌ది శ్రీకాకుళం దగ్గర చిన్న ఊరు. స్కూల్లో, కాలేజీలో కబడ్డీ ఆడి జిల్లా టీమ్ దాకా వెళ్లిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఊరికే నడిచినా ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు నడుస్తుంది. ఇంటావిడ కూతురు ఒకప్పుడు ఊరి అమ్మాయిల రగ్బీ క్లబ్బులో ఆడేదట. కూతురు ఆట మానేసి వేరే ఊరికి వెళ్లిపోయినా ఆవిడ మాత్రం శనివారం మ్యాచ్‌లు మానలేదు. కారులో మడత కుర్చీలు, ఐస్ బాక్సు వేసుకుని బయల్దేరేది. మోయడానికి మేం సాయం వెళ్తే, వచ్చేటప్పుడు మమ్మల్ని ఇండియన్ గ్రోసరీ దగ్గర ఆపేది. కారు లేనివాళ్లకి ఆ ఊళ్లో అంతకంటే ఏం కావాలి?

రగ్బీ అంటే మాకు ఏమీ తెలియదు. కోడిగుడ్డులా ఉన్న బంతిని చంకన పెట్టుకుని అమ్మాయిలు పరిగెత్తడం, మిగతావాళ్లు వెంటపడి పడగొట్టడం, మొదట్లో నాకు అర్థమైంది అంతే. నా రూమ్మేట్ మాత్రం మొదటి రోజే గీత దగ్గర మునివేళ్ల మీద నిలబడి చూసింది.

"ఇది మా చెడుగుడేనే. కూత లేదు, అంతే," అంది.

తర్వాతి వేసవిలో ఇద్దరు ముగ్గురు ప్లేయర్లకి దెబ్బలు తగిలి టీమ్‌కి మనుషులు తక్కువయ్యారు. ఇంటావిడ తిన్నగా కోచ్ దగ్గరికి వెళ్లి, "మా బేస్‌మెంట్‌లో ఉండే పిల్లకి మనుషుల్ని పట్టి పడెయ్యడం వచ్చు" అని చెప్పింది. అలా మొదలైంది. ఆమె పట్టు చూసి కోచ్ మురిసిపోయింది. ఇబ్బందల్లా వదలడం దగ్గరే వచ్చింది. కబడ్డీలో పట్టిన మనిషిని వదిలితే పని చెడుతుంది. రగ్బీలో కింద పడగానే వదిలెయ్యాలి. ఆమె చేతులకి ఆ సంగతి ఎంతకీ ఎక్కేది కాదు. రిఫరీ విజిల్ ఊదేవాడు, అవతలివాళ్లకి పెనాల్టీ వచ్చేది, చూసేవాళ్లు తలలు పట్టుకునేవాళ్లు.

చూసేవాళ్లంటే మహా అయితే వందమంది. వాళ్లలో ఒక పెద్దాయన ఉండేవాడు. ప్లాంట్‌లో పనిచేసి రిటైరైనవాడు. ఎండాకాలంలో కూడా మెడలో క్లబ్బు ఆకుపచ్చ మఫ్లర్ తియ్యడు. మైదానం సరిగ్గా మధ్య గీత దగ్గర నిలబడతాడు. మా కుర్చీలు కూడా అక్కడే వేసేవాళ్లం కాబట్టి ఆయన నా పక్కనే ఉండేవాడు. ఎప్పుడైనా చిప్స్ ప్యాకెట్ నా వైపు చాపేవాడు. రూల్స్ ఏమైనా అడిగితే ఓపిగ్గా చెప్పేవాడు.

ఆ వేసవిలోనే వేల్స్ నుంచి ఒక అమ్మాయిల టీమ్ టూర్‌కి వచ్చింది. మా అంటారియో రాష్ట్రంలో ఊరూరా ఆడుతూ, అందర్నీ చితగ్గొట్టుకుంటూ మా ఊరొచ్చారు. వాళ్లతో పాటు వాళ్ల అమ్మానాన్నలు, అభిమానులు ఒక బస్సెడు మంది దిగి, మొదటి నిమిషం నుంచీ పాటలు పాడటమే. మావాళ్లు గౌరవంగా ఓడితే చాలని ఇంటావిడ కూడా అనుకుంది.

కానీ ఆ రోజు మావాళ్లకి ఏం పూనిందో. వాన పడి మైదానం బురదయింది. వేల్స్ వాళ్ల పొడుగాటి కాళ్లు జారిపోతుంటే మావాళ్లు బురదలో దొర్లుతూ ఒక్కో గజం లాక్కున్నారు. ఆట చివరికొచ్చేసరికి మావాళ్లు రెండు పాయింట్లు ముందున్నారు. పాటలు ఆగిపోయాయి. అప్పుడు వాళ్ల టీమ్‌లో అందరికంటే వేగమైన అమ్మాయి బంతి అందుకుని గీత పక్కనుంచి దూసుకొచ్చింది. ముందు ఎవరూ లేరు. వెనక నా రూమ్మేట్ ఒక్కతే.

అందుకోలేదనే అనుకున్నాను. ఆమె పరిగెత్తి పరిగెత్తి, ఇక లాభం లేదనుకున్న చోట నేలబారున దూకి చెయ్యి చాపింది. చీలమండ దొరికింది. అవతలి అమ్మాయి నిలువునా పడింది, గోల్ గీతకి కాస్త ఇవతల. ఇది వదలదు, విజిల్ పడుతుంది అనుకున్నాను. వదిలింది! వదిలి, లేచి, బంతి మీదికి వంగి రెండు చేతుల్తో లాక్కుంది. మావాళ్లు దాన్ని బయటికి తన్నేశారు. టైమ్ ముగిసింది, మావాళ్లు గెలిచారు.

తర్వాత ఏం జరిగిందో ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఇంటావిడ కుర్చీ తిరగబడింది. ఆ పెద్దాయన నన్ను గట్టిగా కౌగిలించుకుని, మా నాన్న చిన్నప్పుడు ఎత్తినట్టు నేల మీంచి లేపేశాడు. "మా అమ్మాయి! చూశావా, మా అమ్మాయి!" అని నా చెవిలో అరిచాడు. ఆయన మఫ్లర్‌కి ఉన్న బురద నా చెంపకి అంటింది. వేల్స్ వాళ్లలో ఒకాయన నవ్వుతూనే దెప్పాడు.

"ఆ చిన్నది మీ ఊరిదేనా? ఎక్కణ్ణుంచి తెప్పించుకున్నారు?"

పెద్దాయన మొహం ఎర్రబడింది. "ఎక్కణ్ణుంచో ఏమిటి? సార్నియా పిల్ల. మా పిల్ల," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా అవునవునని కేకలేశారు.

నిజం చెప్పొద్దూ, నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఆ దేశం వచ్చాక మమ్మల్ని ఎవరైనా మావాళ్లు అనడం అదే మొదలు.

సోమవారం పొద్దున నేను పనిచేసే కాఫీ షాపుకి ఆయన ఇద్దరు స్నేహితులతో వచ్చాడు. నేను టోపీ పెట్టుకుని శాండ్‌విచ్‌ల దగ్గర ఉన్నాను. ఆయన్ని చూడగానే నవ్వాను. ఆయన నా మీదుగా మెనూ బోర్డు చూశాడు. గుర్తుపట్టలేదు. లైన్లో నిలబడి స్నేహితులకి మ్యాచ్ కథ చెబుతున్నాడు, చేతులు చాపి మరీ. ఆ చీలమండ పట్టు దగ్గరికొచ్చేసరికి గొంతు పెరిగింది. నాకు లోలోపల ఎంత గర్వమో.

కౌంటర్లో కొత్తగా చేరిన పంజాబీ అమ్మాయి ఉంది. ఆయన చెప్పిందేమిటో ఆమెకి సరిగ్గా వినపడక కాఫీ తప్పు ఇచ్చింది. సారీ చెప్పి మళ్లీ కలుపుతోంది. ఆయన స్నేహితుల వైపు తిరిగి, గొంతు తగ్గించాల్సిన అవసరం కూడా లేనట్టు అన్నాడు.

"ఏం చేస్తాం? ఊరంతా వీళ్లే. మన పిల్లలకి ఒక్క ఉద్యోగం మిగల్చలేదు, ఒక్క ఇల్లు మిగల్చలేదు. అందర్నీ విమానం ఎక్కించి పంపించేస్తే పీడ వదులుతుంది."

స్నేహితులు నవ్వారు. పంజాబీ అమ్మాయి తల ఎత్తలేదు. నాకు ఒళ్లంతా మండిపోయింది. గ్లవ్స్ తీసేసి కౌంటర్ దగ్గరికి వచ్చాను.

"సర్, శనివారం మీరు నన్ను కౌగిలించుకున్నారు," అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. అప్పుడు వెలిగింది. "ఓ! నువ్వా? మన అమ్మాయి ఫ్రెండువి కదూ! టోపీలో పోల్చుకోలేదు."

"మీ అమ్మాయి కూడా స్టూడెంటే సర్. నాతోనే వచ్చింది, నా క్లాసే. ఆమెని కూడా విమానం ఎక్కిస్తారా?"

"అయ్యో, నిన్ను అనలేదమ్మా. మీరిద్దరూ వేరు. మీరు మంచి పిల్లలు."

"ఎట్లా వేరు? ఈ అమ్మాయి గురించి మీకేం తెలుసు? మేం ఎవరమూ గోడ దూకి రాలేదు. పిలిస్తే వచ్చాం. మీకు కాఫీ తప్పిచ్చినందుకు దేశం దాటించాలా?"

నా ఇంగ్లిష్ తడబడుతోంది. ఆయన నవ్వు మొహంతోనే చేతులు రెండూ పైకెత్తాడు, ఏదో చిన్నపిల్ల అలిగినట్టు. ఈలోగా మేనేజర్ పరిగెత్తుకొచ్చి ఆయనకి సారీ చెప్పి, కాఫీ ఉచితంగా ఇచ్చి, నన్ను గిన్నెలు కడగడానికి వెనక్కి పంపాడు. కస్టమర్ ఏమన్నా విననట్టు ఉండాలట. తిట్టినవాడికి ఉచితంగా కాఫీ, అడిగినదానికి అంట్లు!

ఇంటికొచ్చి, ఐస్ ముక్కలు గుడ్డలో కట్టి మోకాలికి అద్దుకుంటున్న నా రూమ్మేట్‌కి అంతా చెప్పాను. ఆమె కూడా నాలాగే మండిపడుతుందనుకున్నాను.

"నీకు ఇప్పుడు తెలిసిందేటి?" అంది. "జూన్‌లో నా వల్ల పెనాల్టీ వచ్చి ఓడిపోయాం చూడు, ఆ రోజు గీత అవతల్నుంచి నన్నేటన్నారో నువ్వు విన్నేదు. నేను విన్నాను. వచ్చిన చోటికే పొమ్మన్నారు."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు ఊరుకోవు కదా. ఆట మానిపించేస్తావు. నేను ఆళ్ల కోసం ఆడతన్నానేటి?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆమె బురదలో పడి లేస్తుంటే నేను నాలుగడుగుల దూరంలో చిప్స్ తింటూ కూర్చున్నాను. ఆ మాట అన్నవాళ్లు నా చుట్టుపక్కల వాళ్లే అయ్యుంటారు.

మనవాళ్లు తక్కువ తిన్నారా అంటే అదీ లేదు. ఊళ్లో తెలుగు స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో మ్యాచ్ ఫోటో పెడితే, "ఆ నిక్కరేంటి, చదువుకోడానికి వచ్చిందా కుస్తీలకా" అని ఒక అన్నయ్య రాశాడు. అదే అన్నయ్య, ఆమె పట్టిన పట్టు వీడియో ఊరంతా తిరిగాక, "ప్రౌడ్ ఆఫ్ అవర్ తెలుగు గర్ల్" అని జెండాలు పెట్టాడు. నేను గ్రూపులోంచి బయటికొచ్చేశాను.

ఇంటావిడకి కూడా చెప్పాను. "అతను చెడ్డవాడు కాదు. మా ఆయన ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ నన్ను రోజూ కారులో తీసుకెళ్లాడు," అంది. నాకు ఆవిడ మీద కూడా కోపమొచ్చింది. చెడ్డవాడైతే నాకు ఇంత బాధ లేదు. నాకు రూల్స్ నేర్పిన మనిషి, చిప్స్ పెట్టిన మనిషి అంత తేలిగ్గా అనగలగడమే నాకు మింగుడుపడలేదు.

తర్వాతి శనివారం నేను వెళ్లనన్నాను. నా రూమ్మేట్ బూట్ల లేసులు కట్టుకుంటూ, "నువ్వు రాకపోతే ఆ చోటు ఆయనదే అయిపోద్ది," అంది. వెళ్లాను. ఇంటావిడ కుర్చీలు ఎప్పటిచోటే, ఆయన పక్కనే వేయించింది. వేయించి, ఆయనతో, "ఈ పిల్లకి నువ్వు ఏదో చెప్పాల్సి ఉందనుకుంటాను," అంది. అందరూ వినేలా అంది. ఆవిడ గొంతు అంత కటువుగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

ఆయన మైదానం వైపు తిరిగాడు. "నా మనవడికి ఈ వేసవిలో ఎక్కడా పని దొరకలేదు," అన్నాడు. "ఆ చిరాకులో అన్నాను. నీకు బాధ కలిగితే సారీ."

"నాకూ ఆ ఉద్యోగం ఊరికే దొరకలేదు సర్. చలికాలమంతా తిరిగాను. మీ మనవడికి పని లేకపోతే నాకూ బాధే. కానీ మీరు సారీ చెప్పాల్సింది నాకు కాదు, ఆ కౌంటర్లో అమ్మాయికి," అన్నాను.

ఆయన తల ఊపాడు. ఊపడం తేలికే. ఆ రోజు మావాళ్లు చిత్తుగా ఓడిపోయారు. జనం కుర్చీలు సర్దుకుని కార్ల దగ్గరికి వెళ్లిపోయారు. ఆయన వెళ్తూ నా రూమ్మేట్‌తో "బాగా ఆడావు" అన్నాడు. ఆమె థాంక్స్ చెప్పి, నీళ్ల సీసా తీసుకుని టీమ్ దగ్గరికి వెళ్లిపోయింది.

చదువయ్యాక ఆమెకి వాటర్లూలో ఉద్యోగమొచ్చింది. అక్కడి క్లబ్బులో ఇప్పటికీ ఆడుతోంది. వేల్స్ వాళ్ల మీద గెలిచిన ఫోటో సార్నియాలో క్లబ్బు గోడ మీద ఉందట. వచ్చి చూసి వెళ్లమని ఇంటావిడ ఫోన్ చేసినప్పుడల్లా అంటుంది.

ఆ పెద్దాయన మాత్రం మళ్లీ మా షాపులోకి అడుగుపెట్టలేదు. కారు దిగకుండా కిటికీ దగ్గరే కాఫీ తీసుకుని వెళ్లిపోయేవాడు. పంజాబీ అమ్మాయి వారం తిరక్కుండా పని మానేసింది. వెళ్లే రోజు టోపీ మడిచి మేనేజర్ బల్ల మీద పెట్టి, నన్ను కౌగిలించుకుని, బస్సు టైమవుతోందని పరిగెత్తింది. ఎక్కడికి వెళ్లిందో నాకు తెలియదు. ఆమెకి ఎవరూ సారీ చెప్పలేదు.