తొమ్మిదో సంపుటం వాడకం

ఆ రోజుల్లో, కొలవడానికి వీల్లేనిది లోకంలో ఒకటి ఉంటుందని నాకు తెలియదు. గ్రంథాలయ శాస్త్రంలో పట్టా చేతికొచ్చి ఆరు నెలలు కాలేదు. అందులోనూ 'సేవల నాణ్యత, పనితీరు కొలమానం' అనే పేపర్లో తరగతి మొత్తానికీ నాకే ఎక్కువ మార్కులు. ఆ ఊపులో కావలిలో మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ అమ్మ వడ్డించే పులుసుకి కూడా 'కనీసం ఎలా ఉండాలి, ఎలా ఉంటే బాగుంటుంది, ఇవాళ ఎలా ఉంది' అని మూడు గడులు గీసి మార్కులు వేసేదాన్ని. (మా అమ్మ ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి, దాంట్లో కరివేపాకు చుట్టి ఫ్రిజ్జులో పెట్టింది.) అలాంటి పిల్లకి ఒక నిజమైన లైబ్రరీలో కాంట్రాక్టు ఉద్యోగం ఇచ్చి, ఒక రూళ్ల పుస్తకం కూడా చేతిలో పెడితే ఏమవుతుందో ఇవాళ నేను బాగానే ఊహించగలను. అప్పుడు మాత్రం ఊహించలేదు.

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతూ ఉంటే వరిచేలు అయిపోయి రొయ్యల గుంటలు మొదలవుతాయి. ఆ గుంటలూ అయిపోయాక సరుగుడు తోట, ఆ తోట పక్కన మా చేపల పరిశోధన కేంద్రం. దాని లైబ్రరీలో చదువుకునే గది ఒకటుండేది. తూర్పు వైపు వరసగా ఎనిమిది కిటికీలు, వాటికి ఎదురుగా పొడుగాటి బల్లలు. పొద్దున పూట ఆ గదిలోకి వెలుతురు సరుగుడు కొమ్మల్లోంచి జల్లెడ పట్టినట్టు వచ్చేది. బల్ల మీద చెయ్యి వేస్తే ఉప్పు తగిలేది. ఎక్కడో రొయ్యల గుంటల్లో గాలి పట్టించే మరలు నీళ్లు చిలుకుతున్న చప్పుడు, దానికి అవతల సముద్రం చప్పుడు, రెండూ కలిసిపోయి అదొక జోలపాటలాగా ఉండేది. అక్కడ కూర్చున్నవాళ్లు చదువుతున్నారో, కలలు కంటున్నారో చెప్పడం కష్టం. రెండూ చేసేవారనే నా అనుమానం. ఇంత రాస్తున్నాను గానీ, ఆ గదిలో నేను కూర్చున్నది చాలా తక్కువ. కంప్యూటరుకి ఉప్పుగాలి పడదని దాన్ని వెనకాల కిటికీల్లేని కొట్టుగదిలో పెట్టారు, నన్ను దాని ముందు పెట్టారు.

లైబ్రేరియన్ గారిని అందరూ నిశ్శబ్దం సారు అనేవాళ్లు. ఆయన ఎవరినీ నోరు మూసుకోమని చెప్పగా నేను వినలేదు. ఆయనే ఎంత మెల్లగా మాట్లాడేవారంటే, ఆ మాట వినపడాలంటే మిగతావాళ్లు గమ్మునుండక తప్పేది కాదు. అటెండరుగా పనిచేసే ఆమె గాలక్క. పక్కనే ఉన్న జాలర్ల ఊరు పట్టపుపాలెం నుంచి వచ్చేది, ఆమె భర్త చేపల వేటకి పోయేవాడు. సముద్రం మీద గాలి ఎప్పుడు లేస్తుందో ఆకాశం వైపు ఒక్కసారి చూసి చెప్పేసేది కాబట్టి ఆమెకా పేరు. ఇక చదువరుల్లో ముఖ్యుడు రొయ్యలన్న. రొయ్యల జబ్బుల మీద పరిశోధన చేస్తూ చేస్తూ, కొంచెం వాటిలాగే నడుం వంచి నడిచేవాడు.

నేను చేరిన మూడో వారంలో నిశ్శబ్దం సారు నన్ను పిలిచారు. కేంద్రానికి కొత్తగా వచ్చిన పెద్ద సారుకి ఆ ఎనిమిది కిటికీల గది మీద కన్నుపడిందట. కిటికీలు మూసేసి, ఏసీ పెట్టి, సమావేశాల హాలు చేస్తారట. పుస్తకాలు వెనక బ్లాకులోని గోడౌనుకి పోతాయట. అయితే దానికి ముందు ప్రధాన కార్యాలయం నుంచి ఒక మేడం వచ్చి, లైబ్రరీ ఎంత వాడకంలో ఉందో చూస్తుంది. వాడకం ఉందని తేలితే గది మాది, లేకపోతే సమావేశాలది.

"చూడమ్మా," అన్నారు సారు, నేను ముందుకి వంగి వింటుంటే. "ఈ గదిలో ఎవురు ఏం చదవతా ఉండారో నాకు తెలుసు. తెలిసిందాన్ని కాగితం మీద అంకెల్లో పెట్టమంటే నా వల్లగాదు. నువ్వు కొత్త చదువు చదివినావు. ఎట్టన్నా జేసి ఈ గదిని నిలబెట్టు. ఇది పోతే నేను కూడా రిటైరుమెంటు దాకా ఆగను, ముందే పోతా."

ఆ మాటకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. (నీళ్లు తిరిగిన కళ్లతోనే రూళ్ల పుస్తకం తెరిచాను.) ఆయనకి తెలిసిందేమిటో ఒక్కసారి అడిగి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కానీ అడిగి తెలుసుకోవడం మా సిలబస్సులో కొలత కిందికి రాదు. లైబ్రరీలోనే కూర్చుని చదివే పుస్తకాల వాడకం కొలవడానికి శాస్త్రం చెప్పిన పద్ధతి వేరే ఉంది. చదివిన పుస్తకం మళ్లీ అల్మరాలో పెట్టకుండా బల్ల మీదే వదిలేయమని చదువరులకి చెప్పాలి. తర్వాత బల్లల మీద ఉన్నవాటిని లెక్కబెట్టి రాసుకోవాలి. అంతే. గోడకి ఆ మాట రాసిన కాగితం అంటించాను, మూడు గడుల ప్రశ్నావళి కూడా చదువరులకి పంచాను. పొద్దున పూట అన్నాల వేళకి ముందొకసారి, సాయంత్రం గాలక్క కిటికీలన్నీ మూసేశాక ఒకసారి, రోజుకి రెండు లెక్కలు. నేను రాసుకునేదాకా పుస్తకాలు ముట్టుకోవద్దని గాలక్కకి గట్టిగా చెప్పాను.

"ఈ ఎర్రట్టలయి కూడా లెక్కకేనా పాపా?" అని అడిగింది ఆమె మొదటి రోజే.

"బల్ల మీదున్నవన్నీ లెక్కే అక్కా."

"అట్టనా! అయితే రాసుకో, రాసుకో," అని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. నా శ్రద్ధ చూసి మురిసిపోయిందనుకున్నాను.

ఎర్రట్టలంటే, ఎప్పుడో ఎవరో పెద్దమనిషి దానంగా ఇచ్చిన ఇరవై రెండు సంపుటాలు. ఎక్కడో చలిదేశంలో దొరికే చేపల గురించి, ఆ దేశపు భాషలో అచ్చయిన పాత పత్రికలు. ఒక్కొక్కటి పొత్రమంత బరువు. పొద్దుటి లెక్కలో అవి ఒక్కటీ కనిపించేవి కావు. సాయంత్రానికి మాత్రం ఇరవై రెండూ బల్లల మీదే! రోజూ ఇదే వరస. అందులో తొమ్మిదో సంపుటం అయితే ఒక్క రోజు కూడా నాగా పెట్టలేదు. నేను పొంగిపోయాను. కొట్టుగదిలో కూర్చుని నివేదికలో ఏం రాశానో ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు: 'మధ్యాహ్న భోజనానంతరం పరిశోధకుల్లో జిజ్ఞాస ఒక్కసారిగా ఉధృతమవుతున్నది. విదేశీ మత్స్య సాహిత్యం పట్ల వారి ఆసక్తి అపారం. తదుపరి సంపుటాలు తెప్పించవలెను.' అక్కడితో ఆగితే బాగుండేది. 'వాడకం లేని గ్రంథములు' అనే శీర్షిక కింద, రెండు లెక్కల్లోనూ ఒక్కసారైనా బల్ల మీద కనిపించని పసుపు అట్ట చేతిపుస్తకం పేరు రాసి, దాన్ని తీసేయవచ్చునని సిఫారసు కూడా చేశాను. అది రొయ్యల జబ్బుల పుస్తకం. నివేదిక ఇచ్చిన రోజున నిశ్శబ్దం సారు కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయి వచ్చారు. నా మీద నమ్మకంతో చదవకుండానే సంతకం పెట్టేశారు.

మేడం వచ్చింది. నూలు చీర, చేతికి పెద్ద గడియారం, నవ్వని ముఖం. పొద్దునంతా పెద్ద సారు ఆవిడకి గది కొలతలు చూపించి, ఏసీలు ఎక్కడెక్కడ వస్తాయో వివరించి తన గదికి వెళ్లారు. అన్నాలయ్యాక ఆవిడ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని నా నివేదిక మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. పక్కన నేనూ, సారూ నిలబడ్డాం. గదిలో ఒక పది మంది ఉన్నారు. గాలి స్తంభించి ఉంది, చెమటలు పోస్తున్నాయి. ఎర్రట్టల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ వేలు ఆగింది.

"ఈ భాష మీ దగ్గర ఎంతమందికి వచ్చమ్మా?"

ఆ ప్రశ్న నాకు అంతవరకూ తట్టలేదంటే మీరు నమ్మాలి. నెల రోజులు లెక్కబెట్టాను, గీతలు గీశాను, సగటు తీశాను. ఆ పుస్తకాన్ని చదవాలంటే ఆ భాష రావాలన్న సంగతి మాత్రం నాకు స్ఫురించలేదు.

"నేర్చుకుంటున్నారేమో మేడం," అన్నాను.

సారు నా వైపు తిరిగారు. ఆయన ముఖంలో కోపం కనిపిస్తే తట్టుకునేదాన్నే. నెమ్మదిగా దిగులు కమ్ముకుంది. సరిగ్గా అప్పుడే, రెండున్నరకి, గాలక్క గుమ్మంలోకి వచ్చి, సముద్రం వైపు ఒక చూపు చూసి, "గాలొస్తా ఉండాది! కాగితాలు పట్టుకోండయ్యా!" అని కేకేసింది.

పది మందీ ఒక్కసారిగా లేచారు. ఒకరినొకరు తోసుకోకుండా, ఎన్నో ఏళ్ల అలవాటుతో, వరసగా ఎర్రట్టల అల్మరా దగ్గరికి నడిచి, తలా రెండేసి సంపుటాలు ఎత్తుకుని వచ్చి కూర్చున్నారు. బల్లల మీద పరిచిన పటాల నాలుగు మూలలా నాలుగు, నోట్సు కాగితాల మీద ఒకటి, కొట్టుకునే తలుపుకి అడ్డం ఒకటి. అంతలో ఎనిమిది కిటికీల్లోంచి ఒకేసారి గాలి వచ్చిపడింది. ఆ గాలి గురించి ఎలా చెప్పను! ఉప్పూ, సరుగుడు వాసనా, తడీ కలిసిన చల్లదనం అది. కళ్లు వాటంతట అవే మూతపడతాయి. నెల రోజులుగా నేను కొట్టుగదిలో కూర్చుని పోగొట్టుకున్నదేమిటో అప్పుడు తెలిసింది. కళ్లు తెరిచేసరికి నా నివేదిక గదంతా తిరుగుతోంది. 'జిజ్ఞాస ఉధృతమవుతున్నది' అన్న పేజీ కిటికీలోంచి బయటికెళ్లి సరుగుడు చెట్టుకి చిక్కుకుంది. మిగిలిన పేజీల కోసం మేడం రెండు చేతులూ బల్ల మీద పరిచేసింది. గాలక్క వచ్చి ఆవిడ చేతుల మధ్య ఒక ఎర్రట్టని ధబ్బున పెట్టింది.

"ఇది మీరు పెట్టుకోండి మేడం. తొమ్మిదోది. అన్నిట్లోకీ బరువు జాస్తి. దీని కోసరం రోజూ కొట్లాటే."

"నేను లెక్కబెట్టింది గాలిని మేడం," అన్నాను. ఏడుస్తూ అన్నాను. గది పోయినట్టే అనుకున్నాను, సారు పోయినట్టే అనుకున్నాను.

మేడం గాలక్క వైపు తిరిగి, "మరి వీళ్లు చదివేది ఏ పుస్తకం?" అని అడిగింది.

"నాకు చదువు రాదు మేడం. అయితే ఆ పసుపట్ట పుస్తకం ఉండాదే, అది బల్ల మీద పడుకోంగా నేనెప్పుడూ చూళ్ళేదు. ఒకురి చేతిలోంచి ఒకురి చేతిలోకి పోతానే ఉంటాది. గుంటలకాడ రైతులు కూడా కవర్లో రొయ్యలేసుకోని వచ్చి, సారును పిల్చి, అందులో బొమ్మలు జూసి పోతారు. మొన్న కుట్లూడిపోతే నేనే కుట్టినా."

మేడం చూసింది. పసుపట్ట పుస్తకం రొయ్యలన్న చేతిలో ఉంది. తన వంతు ఎప్పుడొస్తుందా అని ఇంకొకతను అతని భుజం మీదుగా తొంగి చూస్తున్నాడు. ఆవిడ నా నివేదికలో మిగిలిన పేజీల్లో 'తీసేయవచ్చును' అన్న వాక్యం వెతికి, దాని పక్కన పెన్నుతో ఏదో రాసింది. తర్వాత నిశ్శబ్దం సారుని కూర్చోమని, ఎవరెవరు ఏమేం చదువుతారో అడిగింది. ఆయన చెబుతూ ఉంటే ఆవిడ వినడానికి వంగీ వంగీ, చివరికి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. సారు వెళ్లాక కూడా లేవలేదు. తొమ్మిదో సంపుటం మీద చెయ్యి వేసుకుని, కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి కళ్లు మూసుకుంది. నెల్లూరులో రైలు అందుకోవాలని కారు డ్రైవరు రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, లేపడానికి భయపడి వెనక్కి పోయాడు. ఆ రైలు వెళ్లిపోయింది.

సాయంత్రం లేచి, కాస్త సిగ్గుపడుతూ కొంగు సర్దుకుని, చదువరులకి నేను పంచిన ప్రశ్నావళి తనకీ ఒకటి ఇమ్మంది. 'చదువుకునే చోటు' అన్న వరసలో మూడు గడులూ నింపి నా చేతికిచ్చింది. కనీసం ఎంత ఉండాలి: ఒక కిటికీ. ఎంత ఉంటే బాగుంటుంది: ఒక కిటికీ. ఇక్కడ ఎంత దొరికింది: ఎనిమిది.

గది నిలిచింది. పెద్ద సారు సమావేశాలు గోడౌనులోనే జరిగేవి. నిశ్శబ్దం సారు పూర్తి కాలం పనిచేసి రిటైరయ్యారు. కానీ దానికి ముందే నాకు పై ఉద్యోగం వచ్చింది. నేను వెళ్లే రోజున ఆయన తొమ్మిదో సంపుటం తెప్పించి, వెనక అట్టకి కొత్త చీటీ అంటించి, తేదీ ముద్ర వేసి నా పేరున ఇచ్చారు. "ఇన్నేళ్లలో దీన్ని ఇంటికి తీసుకపోయిన మొదటి మనిషివి నువ్వేనమ్మా," అన్నారు. ఆ మాట మాత్రం నాకు వంగకుండానే వినపడింది.

ఇప్పుడు నేనొక పెద్ద సంస్థలో, అద్దాల లైబ్రరీకి అధికారిని. గుమ్మం దగ్గర ఎవరు వచ్చారో యంత్రం లెక్కబెడుతుంది, ఏ పుస్తకం ఎవరు తీశారో తెర మీద రంగు గీతల్లో కనిపిస్తుంది. కిటికీలు తెరుచుకోవు. ప్రతి ఏటా సేవల నాణ్యత నివేదిక నేనే రాస్తాను. (రాసే ముందు ఊడ్చే ఆమెని అడుగుతాను. అది నా రహస్య పద్ధతి.) తీసుకున్న పుస్తకం గడువులోగా తిరిగివ్వనివాళ్ల పట్ల నేను చాలా కఠినంగా ఉంటానని కూడా ప్రతీతి.

పోయిన వారం గాలక్క ఫోన్ చేసింది. "ఏం పాపా, ఆ తొమ్మిదోది ఎప్పుడు తెస్తావు? నువ్వు పట్టుకపోయినకాడ్నుంచీ కిటికీ కాడ బల్లకి సరైన బరువు లేదు. రొయ్యలన్న ఇప్పుడు పెద్ద సారయినాడు, అయినా వచ్చి అదే అడగతా ఉండాడు," అంది. ఈ నెలలో తెస్తానన్నాను. ఎన్నో ఏళ్లుగా ఈ నెలలోనే తెస్తున్నాను. అది నా బల్ల మీద, కదలని కాగితాల పైన ఉంది. మధ్యాహ్నం రెండున్నరకి నా చెయ్యి దానంతట అదే వెళ్లి దాని మీద పడుతుంది. కాసేపు అలాగే ఉంచి, గాలి రాదని తెలిసీ, గట్టిగా అదిమి పట్టుకుంటాను.